మీకు తెలుసా? లైబ్రరీ అల్మరాలో సినిమా.. ఏ వయసు వాళ్లకి ఇస్తారు?

రాజుగారి తిట్లు

బ్రిటన్ రాజు ఆరో జార్జికి నత్తి. దాన్ని వదిలించుకోవడానికి ఆయన పడిన అవస్థే 2010లో వచ్చిన ‘ద కింగ్స్ స్పీచ్’. ఆ ఏటి ఉత్తమ చిత్రంగా ఆస్కార్ కూడా కొట్టింది. సినిమాలో కొట్లాటల్లేవు, నెత్తురు లేదు, పడగ్గది సీన్లు లేవు. కాకపోతే నాలుక పట్టు సడలాలని థెరపిస్టు ఒకచోట రాజుగారి చేత గుక్కతిప్పుకోకుండా బూతులు తిట్టిస్తాడు. ఆ తిట్లకే అమెరికాలో ‘ఆర్’ రేటింగు పడింది. అంటే పదిహేడేళ్ల లోపు వాళ్లు అమ్మో నాన్నో, పెద్దవాళ్లెవరో వెంట లేకుండా హాల్లోకి వెళ్లకూడదు. బ్రిటన్‌లోనూ మొదట ‘15’ అన్నారు. అప్పీలుకు వెళ్తే, ఇవి ఎవర్నో తిట్టిన తిట్లు కావు, వైద్యంలో భాగం అని ఒప్పుకుని ‘12ఏ’కి దించారు.

సరే, ఆ డీవీడీ ఊళ్లోని పబ్లిక్ లైబ్రరీకి చేరిందనుకుందాం. లండన్‌లో పన్నెండేళ్ల పిల్ల తన కార్డు మీదే ఇంటికి పట్టుకెళ్లొచ్చు. అమెరికాలో ఇంకా తమాషా. హాలు గుమ్మంలో ఆపేసిన కుర్రాడికే చాలా లైబ్రరీలు మారుమాట్లాడకుండా ఇచ్చేస్తాయి. పెట్టె మీద ‘ఆర్’ గుర్తు అలాగే ఉంటుంది. దాన్ని అమలు చేయాల్సిన బాధ్యత మాత్రం లైబ్రరీకి లేదు.

పోలీసు లేని నిబంధన

ఎందుకు లేదంటే, అమెరికాలో సినిమా రేటింగు సర్కారు పని కాదు. అది సినిమా నిర్మాణ సంస్థల సంఘం 1968 నవంబరు 1న సొంతంగా మొదలెట్టుకున్న ఏర్పాటు. సర్కారు సెన్సారు వచ్చి నెత్తిన కూర్చోకముందే మనమే ఏదో ఒకటి పెట్టుకుందాం అన్నది అప్పటి అధ్యక్షుడు జాక్ వాలెంటి ఎత్తుగడ. రేటింగు ఇచ్చేది పిల్లలున్న మామూలు తల్లిదండ్రుల బృందం. సినిమాని వాళ్లకి చూపించి తీరాలన్న చట్టం లేదు, హాలు వాళ్లు పాటించి తీరాలన్న చట్టమూ లేదు. వ్యాపారంలో ఒకరి మాట ఒకరు మన్నించుకోవడమే.

కొన్ని ఊళ్లు, రాష్ట్రాలు ఈ అక్షరాలను అలాగే తీసుకుని చట్టంలో పెట్టేయాలని చూశాయి. విస్కాన్సిన్‌లో కెనోషా అనే పట్టణం, పెన్సిల్వేనియా రాష్ట్రం అలా చేసి 1970లో కోర్టుల్లో మొట్టికాయలు తిన్నాయి. ఏ కొలమానంతో ఇచ్చారో తెలియని ఒక ప్రైవేటు సంఘం మార్కును పట్టుకుని పౌరులను శిక్షించడం రాజ్యాంగానికి విరుద్ధమని తేల్చారు. పబ్లిక్ లైబ్రరీ నడిచేది ప్రజల పన్నుల మీద. అంటే అదీ సర్కారు చెయ్యే. ‘ఆర్’ కాబట్టి ఇవ్వం అని లైబ్రరీ నియమం పెట్టుకుంటే అదే చిక్కులో పడొచ్చని లైబ్రేరియన్లకు గట్టి అనుమానం.

‘వయసు’ ఎప్పుడొచ్చింది?

అయోవాలో డిమోయిన్ అనే ఊరి లైబ్రరీ 1938లో పాఠకుల హక్కుల మీద ఒక చిన్న ప్రకటన రాసుకుంది. మరుసటేడు అమెరికన్ లైబ్రరీ అసోసియేషన్ దాన్ని దేశమంతటికీ తీసుకుంది. అందులో వయసు ఊసు లేదు. అది చేరింది 1967లో. అప్పట్నుంచి, పుట్టుక వల్ల గానీ అభిప్రాయాల వల్ల గానీ వయసు వల్ల గానీ ఎవరికీ లైబ్రరీ తలుపు మూయకూడదన్నది సంఘం మాట.

వీడియో క్యాసెట్లు అల్మరాలకెక్కాక 1989లో ఇంకో అడుగు వేశారు. పుస్తకానికి ఒక న్యాయం, క్యాసెట్‌కి ఒక న్యాయం కుదరదు, సినిమాలకు కనీస వయసు పెట్టడం పిల్లల హక్కును కత్తిరించడమే అని విడిగా రాశారు. మరి పిల్లల్ని ఎవరు చూసుకోవాలి? తల్లిదండ్రులే. అయితే వాళ్లు తమ పిల్లల సంగతే చూసుకోవాలి, పొరుగింటి పిల్లల సంగతి కాదు. నాకు ఈ రెండో సగం బాగా నచ్చింది. గొడవల్లో ఎక్కువ భాగం అక్కడే పుడుతుంది మరి.

గుర్తు చెరిపినా తప్పే

లైబ్రరీ తనంతట తాను డిస్కుల మీద వయసు చీటీలు అంటించకూడదు అంటుంది ఆ లైబ్రరీల సంఘం. సరే, కంపెనీ పెట్టె మీదే రేటింగు అచ్చేసి పంపితే? దాన్ని గీకేయకూడదు, స్టిక్కరుతో కప్పేయకూడదు. వచ్చిన సరుకులో ఏ ముక్క తీసేసినా అదీ ఒక రకం కత్తిరింపేనట. ఆ లెక్క ప్రకారం చెయ్యి పెట్టకుండా ఉండటమే సిసలైన తటస్థత.

అయితే ఇవన్నీ సంఘం సలహాలు. సంఘానికీ పోలీసుల్లేరు. నిర్ణయం స్థానిక లైబ్రరీ బోర్డుది. అందుకే ఒక ఊళ్లో పద్నాలుగేళ్ల వాడికి ఏ సినిమా అయినా ఇస్తారు, పక్క ఊళ్లో పిల్లల కార్డుకి ‘ఆర్’ సినిమా రాదు. ఇంకోచోట కార్డు తీసుకునేటప్పుడే అమ్మానాన్నల చేత ఒక గడిలో టిక్కు పెట్టిస్తారు. మిజోరీ రాష్ట్రంలో 2023 నుంచి పిల్లలకు ఏది తగినదన్న దానిపై లైబ్రరీ లిఖిత విధానం పెట్టుకోకపోతే రాష్ట్రం డబ్బు రాదు.

మెషీను అడ్డం తిరిగితే

ఇప్పుడు చాలా పెద్ద లైబ్రరీల్లో పుస్తకం ఇచ్చేందుకు మనిషి అక్కర్లేదు. కార్డు చూపించి, పెట్టెను పలక మీద పెడితే రసీదు వచ్చేస్తుంది. లోపల జరిగేది ఇంతే: కార్డు రికార్డులో పుట్టిన తేదీయో, ‘పిల్లలు’ అన్న రకమో ఉంటుంది. డిస్కు రికార్డులో దాని తరగతి ఉంటుంది. రెండూ పొసిగితే సరి, లేకపోతే సిబ్బందిని కలవమని తెర మీద వస్తుంది. కొన్నిచోట్ల అల్మరాలో ఉండేది ఖాళీ పెట్టె మాత్రమే, డిస్కు కౌంటరు వెనక సొరుగులో ఉంటుంది. అది వయసు కోసం కాదు, దొంగతనాల భయం. కానీ ఆ పెట్టె పట్టుకుని కౌంటరు దాకా వెళ్లాల్సి రావడంతోనే కొందరు కుర్రాళ్లు సగం దారిలో మనసు మార్చుకుంటారు. వాళ్లను వెనక్కి తిప్పేది రేటింగు కన్నా మొహమాటం అని నా నమ్మకం.

బ్రిటన్‌లో మాత్రం జైలే

అట్లాంటిక్ దాటితే కథ మారిపోతుంది. బ్రిటన్‌లో 1984 నాటి వీడియో రికార్డింగ్స్ చట్టం ప్రకారం ‘12’, ‘15’, ‘18’ గుర్తులున్న డిస్కును ఆ వయసు లేని వాళ్ల చేతికివ్వడం నేరం. అమ్మినా, అద్దెకిచ్చినా, ఊరికే అరువిచ్చినా ఒకటే. డబ్బు తీసుకున్నారా లేదా అన్నది లెక్కలోకి రాదని చట్టంలోనే రాశారు. ఆ ఒక్క మాటతో లైబ్రరీలు కూడా వలలో పడ్డాయి. తప్పు రుజువైతే ఆరు నెలల దాకా జైలు, జరిమానా, లేదా రెండూ. ఎదుటివాడికి ఆ వయసుందని నమ్మడానికి తగిన కారణం ఉందని చూపించగలిగితే బయటపడొచ్చు. అందుకే అక్కడి లైబ్రేరియన్ పుట్టిన తేదీ చూడకుండా ‘18’ డిస్కు ఇవ్వరు. ఆటలు, పాటలు, చదువుకు సంబంధించిన కొన్ని వీడియోలకు మాత్రం ఈ బాధ లేదు.

హాల్లో కనబడే ‘12ఏ’ డిస్కు మీద ఎందుకు కనబడదో తెలుసా? ఆ ‘ఏ’ అంటే పన్నెండేళ్ల లోపు పిల్లలను పెద్దవాళ్లు వెంటబెట్టుకుని రావచ్చని. డిస్కును ఇంటికి తీసుకెళ్లాక పిల్లల పక్కన ఎవరు కూర్చున్నారో కౌంటరు వాళ్లు చూడలేరు కదా. అందుకని డిస్కు మీద ఉత్త ‘12’.

పాతికేళ్లు చెల్లని చట్టం

ఇంత కఠినమైన ఈ చట్టం అసలు చెల్లనే చెల్లదని 2009 ఆగస్టులో బయటపడింది! ఇలాంటి నియమాలు చేసేటప్పుడు ముందుగా ఐరోపా కమిషన్‌కు తెలియజేయాలన్నది అప్పటి పద్ధతి. 1984లో ఆ పని చేయడం మర్చిపోయారు. పాతికేళ్ల పాటు ఎవరికీ తట్టలేదు. వీడియో గేముల రేటింగు మార్చడానికి పాత ఫైళ్లు తిరగేస్తుంటే కనబడింది. నడుస్తున్న కేసులు వదులుకోవాల్సి వచ్చింది. దయచేసి స్వచ్ఛందంగా పాటించండి అని సర్కారు వ్యాపారులను బతిమాలుకుంది. చివరికి 2010 జనవరిలో అదే చట్టాన్ని, ఈసారి కబురు పంపి మరీ, మళ్లీ చేశారు. ఆ అయిదారు నెలలూ బ్రిటన్ కూడా ఈ విషయంలో అమెరికాలాగే నడిచిందన్నమాట, నోటి మాట మీద. ఊళ్లేం మునిగిపోలేదు.

నట్టింట్లోకి చట్టం

బ్రిటన్ చట్టం ఇంటి గడప దాటదు. తండ్రి తన కార్డు మీద ‘18’ సినిమా తెచ్చుకుని కొడుకుని పక్కన కూర్చోబెట్టుకుంటే ఈ చట్టం అడగదు. న్యూజిలాండ్‌లో అడుగుతుంది. అక్కడ ‘ఆర్16’ అని ఎర్ర గుర్తు పడిందంటే పదహారేళ్లు నిండని వాళ్లకు దుకాణం, లైబ్రరీయే కాదు, కన్న తల్లిదండ్రులు చూపించినా నేరమే. అమ్మ పక్కనుంటే ఫర్వాలేదు అనదగ్గ సినిమాలకు ‘ఆర్‌పీ’ అని వేరే తరగతి. 2017లో నెట్‌ఫ్లిక్స్‌లో ‘13 రీజన్స్ వై’ సిరీస్ వచ్చినప్పుడు, ఆత్మహత్య కథ కదా, పిల్లలు ఒంటరిగా చూడకూడదు, అలాగని బొత్తిగా నిషేధించనూ కూడదు అని ‘ఆర్‌పీ18’ అనే కొత్త తరగతిని ప్రత్యేకంగా పుట్టించారు.

అక్కడ పుస్తకాలకూ వయసు ముద్ర పడుతుంది. టెడ్ డావ్ రాసిన ‘ఇన్‌టు ద రివర్’ అనే కుర్రకారు నవలకు ‘ఆర్14’ వేశారు. ఆ ముద్ర తీసేయమని అడిగింది ఎవరో కాదు, ఆక్లండ్ లైబ్రరీలు. 2015 ఆగస్టులో తీసేశారు. అభ్యంతరం వస్తే సెప్టెంబరులో నవలను దేశమంతటా తాత్కాలికంగా నిలిపేశారు. అక్టోబరులో అన్ని ఆంక్షలూ ఎత్తేశారు. ఈలోగా ఆ పేరు ప్రపంచమంతా మోగిపోయింది. నిషేధించినవాళ్లు పుస్తకానికి చేసిపెట్టే ప్రచారం ప్రచురణకర్తలు కూడా చేయలేరు!

జర్మనీలో రంగులు

తెలుపైతే అందరికీ. పసుపైతే ఆరేళ్లు, ఆకుపచ్చ పన్నెండు, నీలం పదహారు, ఎరుపు పద్దెనిమిది. జర్మనీలో దాదాపు ప్రతి సినిమా డిస్కు మీదా ఈ అయిదింటిలో ఒక చదరం ఉంటుంది. కౌంటరులో ఉన్నవాళ్లు కళ్లద్దాలు వెతుక్కోనక్కర్లేదు.

ఎవరి కోసం తీశారో వాళ్లకే వద్దన్నారు

బడిలో తోటిపిల్లల వేధింపుల మీద లీ హర్ష్ తీసిన డాక్యుమెంటరీ ‘బుల్లీ’. 2012లో అది అమెరికాలో విడుదలకు వస్తుంటే, అందులో పిల్లలు వాడిన తిట్లను లెక్కపెట్టి ‘ఆర్’ ఇచ్చారు. బస్సుల్లో, బడి వరండాల్లో రోజూ ఆ తిట్లు తింటున్న పిల్లలే ఆ సినిమా చూడకూడదట. మిషిగన్‌లో ఒక హైస్కూలు విద్యార్థిని ఆన్‌లైన్లో మొదలెట్టిన విన్నపానికి లక్షల సంతకాలు పడ్డాయి. ముందు రేటింగు లేకుండానే విడుదల చేశారు. తర్వాత కొన్ని మాటలు తీసేస్తే ‘పీజీ-13’ వచ్చింది. ఆ ‘పీజీ-13’ కూడా మొదట్నుంచీ లేదు. ‘ఇండియానా జోన్స్ అండ్ ద టెంపుల్ ఆఫ్ డూమ్’ చూసి పిల్లలు జడుసుకుంటున్నారని తల్లిదండ్రులు గోల చేస్తే, ఆ సినిమా తీసిన స్పీల్‌బర్గే మధ్యలో ఇంకో మెట్టు పెట్టమన్నాడు. అలా 1984లో పుట్టింది.

తెలుగు డీవీడీకి ఏ గడి?

అమెరికాలో విడుదలయ్యే తెలుగు సినిమాల్లో చాలావాటిని పంపిణీదారులు అక్కడి రేటింగు బృందానికి చూపించరు. డబ్బు దండగ, తప్పనిసరి కూడా కాదు. అందుకే వాటికి ‘నాట్ రేటెడ్’ అని పడుతుంది. ‘ఆర్’ సినిమాలు పిల్లలకివ్వం అనే లైబ్రరీకి ఇదో తలనొప్పి. అన్నమయ్య భక్తి సినిమాకూ ‘అర్జున్ రెడ్డి’కీ ఒకటే గుర్తైతే లైబ్రేరియన్ ఏం చేస్తారు? మన సెన్సారు వాళ్లు రెండోదానికి ‘ఏ’ ఇచ్చిన సంగతి ఆ పెట్టె చెప్పదు.

దేశం మారితే మార్కు కూడా మారుతుంది. ‘బాహుబలి 2’కి మన దగ్గర ‘యూ/ఏ’. అంటే అమ్మానాన్నలతో చంటిపిల్లలూ చూశారు. సింగపూర్‌లో యుద్ధం సీన్ల వల్ల పదహారేళ్ల లోపు వాళ్లను హాల్లోకి రానివ్వలేదు. వేసవి సెలవులకు మేనమామ ఇంటికి హైదరాబాద్ వచ్చిన సింగపూర్ పిల్లలకి ఎంత పండగో!

జడ్జిగారి క్యాసెట్ల జాబితా

1987లో రాబర్ట్ బోర్క్‌ను అమెరికా సుప్రీంకోర్టుకు ప్రతిపాదించారు. ఆయన అద్దెకు తెచ్చుకున్న 146 క్యాసెట్ల జాబితాను ఒక వారపత్రిక సంపాదించి అచ్చేసింది. హిచ్‌కాక్ సినిమాలు, మార్క్స్ బ్రదర్స్ హాస్యం.. గుసగుసలాడుకోవడానికి ఏమీ దొరకలేదు. కానీ ఇవాళ ఆయన జాబితా, రేపు మనది అని కాంగ్రెసు సభ్యులు ఉలిక్కిపడ్డారు. మరుసటేడే వీడియో గోప్యతా చట్టం వచ్చింది. ముసాయిదాలో లైబ్రరీలు కూడా ఉన్నాయి గానీ ఆఖర్న ఆ భాగం తీసేశారు. దాంతో, మా అబ్బాయి ఏ సినిమా తీసుకున్నాడో చెప్పండి అని తల్లి అడిగితే లైబ్రరీ చెప్పాలా వద్దా అన్నది ఒక్కో రాష్ట్రంలో ఒక్కోలా ఉంది.

మన సంగతి

మన జిల్లా గ్రంథాలయ సంస్థలు ఇంటిపన్నులో రూపాయికి ఎనిమిది పైసల సెస్సు మీద నడుస్తాయి. శాఖా గ్రంథాలయంలో దినపత్రికలు, పోటీ పరీక్షల పుస్తకాలు ఉంటాయి గానీ అరువిచ్చే సినిమాల అల్మరా కనబడదు. ఎనభైల్లో, తొంభైల్లో సినిమా క్యాసెట్లు ఇచ్చినవి సందు చివర వీడియో లైబ్రరీలు. అవి ప్రైవేటు కొట్లు. పెళ్లిళ్లకో పండగలకో కలర్ టీవీ, వీసీపీ, మూడు క్యాసెట్లు కలిపి అద్దెకు తెచ్చుకుని తెల్లవార్లూ చూసేవాళ్లం. కొట్టువాడు డిపాజిట్ అడిగేవాడు, రివైండ్ చేసి తెమ్మనేవాడు. వయసు అడిగిన పాపాన పోలేదు.

మన 1952 సినిమాటోగ్రాఫ్ చట్టం చూపు ప్రధానంగా జనం ముందు ప్రదర్శన మీద. ‘ఏ’ సినిమాను పద్దెనిమిదేళ్ల లోపు వాళ్లకు హాల్లో చూపించడం నేరం. ‘యూఏ’ 1983లో వచ్చింది. 2023 సవరణతో అది ‘యూఏ 7+’, ‘యూఏ 13+’, ‘యూఏ 16+’గా విడిపోయింది. ఈ మూడూ తల్లిదండ్రులకు సూచనలే, హాలు వాళ్లు ఆధార్ కార్డు అడిగి ఆపే పని లేదు. అంటే మనం ‘ఏ’ దగ్గర బ్రిటన్‌లా, ‘యూఏ’ దగ్గర అమెరికాలా ఉన్నాం.

డిస్కు పోయి యాప్ వచ్చె

ఆస్ట్రేలియాలోని పెర్త్‌లో 2008లో మొదలైన కనోపీ, అమెరికాలో 2013లో వచ్చిన హూప్లా.. ఈ రెండింటిలోనూ లైబ్రరీ కార్డు నంబరు కొడితే సినిమాలు ఉచితం. డబ్బు లైబ్రరీ కడుతుంది. కౌంటరు లేదు, మొహమాటమూ లేదు. అందుకే చట్టాలు ఇప్పుడు వీటి వెంట పడ్డాయి. మిసిసిపీలో 2023లో వచ్చిన చట్టం తర్వాత కొన్ని లైబ్రరీలు పద్దెనిమిదేళ్ల లోపు వాళ్లకు ఇలాంటి యాప్‌లనే ఆపేశాయి. పిల్లల బొమ్మల సినిమాలు కూడా అందులోనే పోయాయి.

ఐడహోలో 2024 జులై 1 నుంచి ఇంకో చట్టం. మైనర్లకు హానికరం అని పిల్లలో, వాళ్ల తల్లిదండ్రులో ఫిర్యాదు చేసిన సరుకును అరవై రోజుల్లో పెద్దల విభాగానికి మార్చకపోతే లైబ్రరీ మీద దావా వేసి 250 డాలర్లు, పైన నష్టపరిహారం అడగొచ్చు. డానెల్లీ అనే చిన్న ఊళ్లో లైబ్రరీ మరీ చిన్నది. పెద్దలకు వేరే గది కట్టే చోటు లేదు. అందుకని మొత్తం లైబ్రరీనే పెద్దల విభాగం చేసేశారు.

విదేశాల్లో ఉన్న మన పాఠకులు పిల్లలకు లైబ్రరీ కార్డు తీయిస్తుంటే దరఖాస్తు వెనక పేజీ కూడా ఒకసారి చదవండి. సినిమాలకు, యాప్‌లకు విడివిడిగా గడులు ఉంటాయి కొన్నిచోట్ల. ఖాళీగా వదిలేస్తే అవునన్నట్టా, కాదన్నట్టా అన్నది ఒక్కో ఊళ్లో ఒక్కో రకం. కౌంటరులో అడిగితే చెబుతారు.